పితృత్వ పరీక్షను ఎక్కడ నమ్మాలి, ఎక్కడ అనుమానించాలి

పితృత్వ పరీక్ష మీద మన దగ్గర వినిపించే అనుమానాలు రెండు రకాలు. ఫలితం తమకు ఎదురు తిరిగినవాళ్లు ‘ల్యాబు వాళ్లకు డబ్బు ముట్టింది’ అంటారు. కాస్త చదువుకున్నవాళ్లు ‘99.99 శాతం అన్నారు గాని నూటికి నూరు అనలేదు కదా’ అని, మిగిలిన ఆ పిసరంత భాగంలో తమ ఆశనో భయాన్నో దాచుకుంటారు. కమలాపురం లాంటి చిన్న పట్టణంలో మనోవర్తి కేసు నడిచినా, ఢిల్లీ హైకోర్టులో ఒక మాజీ ముఖ్యమంత్రి మీద దావా నడిచినా వాదన ఈ రెండు మాటల చుట్టే తిరుగుతుంది. అనుమానించడం తప్పు కాదు. పిల్లల పేరు, ఆడమనిషి పరువు, మగవాడి బాధ్యత ఒక కాగితం మీద ఆధారపడినప్పుడు ఆ కాగితాన్ని గుచ్చి గుచ్చి అడగవలసిందే. కానీ పై రెండూ చోటు తప్పిన అనుమానాలు. ఈ పరీక్షలో రసాయనం తప్పేది బహు అరుదు. తప్పు దొర్లేది మూడు చోట్ల: నమూనా నిజంగా ఎవరిది, పోలిక ఎవరితో పెట్టి చూశారు, వచ్చిన జవాబును ఏ ప్రశ్నకు వాడుకుంటున్నారు. ఈ మూడింటినీ వదిలేసి యంత్రాన్ని అనుమానించడం వల్ల నిజమైన లోపాలు ఎవరి కంటా పడకుండా జారిపోతున్నాయి.

డీఎన్‌ఏ రాకముందు ఈ అనుమానాలకు గట్టి ఆధారమే ఉండేది. అప్పట్లో ఎక్కువగా వాడింది రక్తం గ్రూపునే. అది ‘ఇతను తండ్రి కాలేడు’ అని కొన్నిసార్లు చెప్పగలదు గాని ‘ఇతనే తండ్రి’ అని ఎన్నటికీ చెప్పలేదు. ఆ చెప్పగలిగిన ముక్కను కూడా లోకం వినిపించుకోలేదు. 1940లలో అమెరికాలో చార్లీ చాప్లిన్ మీద నడిచిన కేసులో రక్తం గ్రూపుల ప్రకారం ఆయన ఆ బిడ్డకు తండ్రి కాలేడని తేలింది. అయినా జ్యూరీ ఆయనే తండ్రి అని తీర్పు చెప్పి భరణం కట్టించింది. మన దేశంలో దీనికి ఇంకో మెలిక ఉంది. 1952లో డాక్టర్ వై.ఎం. భెండే బృందం బొంబాయిలో గుర్తించిన ‘బాంబే గ్రూపు’ ఉన్నవాళ్లు మామూలు పరీక్షలో ‘ఓ’ గ్రూపుగా కనిపిస్తారు, కానీ లోపల ఏ లేదా బి గ్రూపు జన్యువును మోస్తూ పిల్లలకు అందించగలరు. తల్లిదండ్రులిద్దరిదీ ‘ఓ’ అని రాసి ఉండి బిడ్డది ‘బి’ అని తేలితే ఇంట్లో నిప్పు రాజుకుంటుంది. తప్పు తల్లిది కాదు, పరీక్షది. ఇద్దరి నుంచీ ఒకే రకం జన్యువు అందితేనే బాంబే గ్రూపు వస్తుంది కాబట్టి దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాల్లో దానికి అవకాశం ఎక్కువ. ఆసుపత్రి చీటీలోని రక్తం గ్రూపు చూసి భార్యను నిలదీసేవాళ్లు ఈ ఒక్క సంగతి తెలుసుకున్నా మేలు.

1984లో ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ డీఎన్‌ఏ ముద్రలను కనిపెట్టడంతో పరిస్థితి మారింది. కొద్ది ఏళ్లకే హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్, కట్లపాము డీఎన్‌ఏ మీద చేసిన పరిశోధనలోంచి వచ్చిన సొంత పద్ధతితో మనుషుల డీఎన్‌ఏను గుర్తించడం మొదలుపెట్టారు. కేరళలోని తలశ్శేరి కోర్టుకు వచ్చిన ఒక మనోవర్తి కేసులో తల్లి, బిడ్డ, తండ్రిగా చెప్పబడిన వ్యక్తి రక్తాన్ని సీసీఎంబీకే పంపారు. ఆ నివేదికను కింది కోర్టు ఆమోదించింది, 1991లో కేరళ హైకోర్టు సమర్థించింది. దేశంలో డీఎన్‌ఏతో పితృత్వం తేల్చిన తొలి కేసుగా దాన్ని చెప్పుకుంటారు. తర్వాత ఇలాంటి డీఎన్‌ఏ పనుల కోసం హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఏర్పడింది. అందువల్ల ఈ పరీక్ష మంచిచెడ్డలు మాట్లాడుకోవడానికి తెలుగువాళ్లు అమెరికా దాకా పోనక్కర్లేదు. దేశమంతా చెప్పుకున్న కేసుల్లో పెద్దవి కొన్ని హైదరాబాద్ బల్లల మీదే తేలాయి.

పరీక్ష జరిగే తీరు వినడానికి కష్టం కాదు. మన డీఎన్‌ఏలో కొన్ని చోట్ల చిన్న అక్షరాల గుంపు ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంటుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. ప్రతి చోటా మనకు రెండు అంకెలుంటాయి, ఒకటి తల్లి ఇచ్చింది, రెండోది తండ్రి ఇచ్చింది. ల్యాబు ఇలాంటి 15 నుంచి 20 పైచిలుకు చోట్లను చదువుతుంది. బిడ్డ అంకెల్లోంచి తల్లివి తీసేస్తే మిగిలినవి తండ్రి దగ్గర కనిపించాలి. ఇక్కడే చాలామందికి తెలియని ఒక విషయముంది. నిజమైన తండ్రికీ బిడ్డకూ మధ్య కూడా ఏదో ఒక చోట అంకె కలవకపోవచ్చు. తరం మారేటప్పుడు ఆ గుంపు ఒకటి పెరగడమో తగ్గడమో జరుగుతుంది. ఒక్కో చోట ఇది వెయ్యికి ఒకటి రెండుసార్లకు మించదు, కానీ ఇరవై చోట్లు చూస్తే వంద మంది అసలైన తండ్రుల్లో ఇద్దరు ముగ్గురికైనా ఒక తేడా కనిపిస్తుంది. అందుకే ఒక్క తేడాతో ‘తండ్రి కాదు’ అని రాయకూడదు. రెండు తేడాలు వస్తే మరిన్ని చోట్లు చదవాలి. మూడు, అంతకు మించి తేడాలు వచ్చాకే సాధారణంగా కాదని తేలుస్తారు. కాబట్టి ‘కాదు’ అని వచ్చిన నివేదిక చేతికందితే అడగవలసిన మొదటి ప్రశ్న శాతం గురించి కాదు. ఎన్ని చోట్లు చదివారు, అందులో ఎన్ని కలవలేదు అన్నది అడగాలి. ఇరవైలో ఎనిమిదో తొమ్మిదో కలవకపోతే వాదించడానికేమీ లేదు. ఒకటే కలవలేదంటే వాదించవలసింది చాలా ఉంది.

ఇక ‘అవును’ అని వచ్చిన నివేదికలోని 99.99 సంగతి. ఈ అంకె పరీక్ష ఎంత ఖచ్చితమో చెప్పే కొలత కాదు. ఈ మనిషి తండ్రి అయితే ఈ పోలికలు కనిపించే అవకాశం, సంబంధం లేని ఇంకెవరో తండ్రి అయితే కనిపించే అవకాశానికి ఎన్ని రెట్లో ల్యాబు లెక్క కడుతుంది. దానికి పితృత్వ సూచిక అని పేరు. సూచిక 10,000 అయితే శాతం 99.99 అవుతుంది. అయితే ఈ శాతం రావడానికి, పరీక్షకు ముందే ఆ మనిషి తండ్రి కావడానికీ కాకపోవడానికీ సగం సగం అవకాశం ఉందని ల్యాబు అనుకుంటుంది. సూచిక 100 మాత్రమే ఉంటే ఆ సగం సగం లెక్కలో 99 శాతం వస్తుంది. ఇతర సాక్ష్యాలను బట్టి ఆ మనిషి తండ్రి అయ్యే అవకాశం ముందే నూటికి ఒకటి మాత్రమే అనుకుంటే, అదే సూచికతో ఫలితం దాదాపు 50 శాతానికి పడిపోతుంది. సూచిక 10,000 ఉంటే మాత్రం ఆ కష్టమైన పరిస్థితిలోనూ 99 శాతం నిలబడుతుంది. నేటి పరీక్షల్లో సూచిక లక్షలు, కోట్లు దాటుతుంది కనుక ముందు అనుకున్నది పెద్దగా లెక్కలోకి రాదు. మిగిలిన ఆ 0.01 శాతంలో తలదాచుకోవాలనుకునేవాళ్లకు ఇది చేదు మాటే. ఆ లెక్క ప్రతి పదివేల మందిలో ఒకరి నివేదిక తప్పని చెప్పడం లేదు. సీసా మీద పేరు తారుమారు కావడం లాంటి మనిషి పొరపాట్లు కూడా ఆ లెక్కలో లేవు. అసలు ప్రమాదం ఆ లెక్కకు బయట ఉంది.

ఆ లెక్కలో ‘సంబంధం లేని ఇంకెవరో’ అనే మాట రాయలసీమలో ప్రత్యేకంగా ఆలోచించవలసినది. అక్క కూతుర్ని చేసుకోవడం, మేనత్త కొడుక్కి ఇవ్వడం ఇక్కడ కొత్త కాదు. భర్తకు భార్య అక్క కూతురే అయితే, బిడ్డకు తండ్రి ఎవరైనా సరే, తల్లి వైపు నుంచే ఆ బిడ్డకు అతనితో సగటున ఎనిమిదో వంతు పోలిక వస్తుంది. తల్లి నమూనా లేకుండా తండ్రినీ బిడ్డనూ మాత్రమే పరీక్షిస్తే, తల్లి ద్వారా వచ్చిన అంకెలను తండ్రివిగా పొరబడే సందు పెరుగుతుంది. తల్లి రక్తం కూడా తీసుకుంటే ఆమె ఇచ్చిన అంకె ఏదో విడిపోతుంది, సందు మూసుకుపోతుంది. చవకగా అవుతుందనో గుట్టుగా ఉంటుందనో తల్లిని వదిలేసి చేయించే పరీక్ష మేనరికపు ఇళ్లలో బలహీనమైన పరీక్ష. రెండోది అన్నదమ్ముల చిక్కు. అన్నదమ్ములకు సగటున సగం డీఎన్‌ఏ ఉమ్మడిగా ఉంటుంది. అనుమానం మరిది మీదో బావ మీదో ఉన్నప్పుడు ‘ఊరూ పేరూ తెలియని మనిషితో పోలిస్తే ఇతనే తండ్రి’ అనే నివేదిక అసలు ప్రశ్నకు జవాబే కాదు. ఆ సంగతి ల్యాబుకు ముందే చెప్పాలి, ఇద్దరి నమూనాలూ ఇవ్వాలి. మగ వంశాన్ని చెప్పే వై క్రోమోజోమ్ పరీక్ష ఇక్కడ పనికిరాదు. తాతకూ, తండ్రికీ, చిన్నాన్నకూ, అన్నదమ్ములకూ అది దాదాపు ఒకటే. మూడోది కులం. తరతరాలుగా కులంలోనే పెళ్లిళ్లు జరగడం వల్ల దేశం మొత్తంలో అరుదైన అంకె ఒక కులంలో మామూలుగా ఉండవచ్చు. సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనం దక్షిణాసియాలోని ఎన్నో కులాలు, తెగలు కొద్దిమంది పూర్వీకుల నుంచే విస్తరించాయని చూపింది. శస్త్రచికిత్సలో కండరాలు సడలడానికి ఇచ్చే మందు ఆర్యవైశ్యుల్లో కొందరికి త్వరగా దిగకపోవడం ఈ వారసత్వానికి తెలిసిన ఉదాహరణ. మంచి ల్యాబు ఈ ఉమ్మడితనాన్ని లెక్కలోకి తీసుకుని సూచికను కొంత తగ్గిస్తుంది. చోట్లు ఎక్కువ చదివినప్పుడు ఈ తగ్గింపు ఫలితాన్ని తిప్పేయదు, తక్కువ చదివినప్పుడు మాత్రం పట్టించుకోవలసిందే.

శరీరమే పరీక్షను మోసగించే సందర్భాలూ ఉన్నాయి. ఎముక మజ్జ మార్పిడి జరిగినవాళ్ల రక్తంలో దాత డీఎన్‌ఏ కనిపిస్తుంది. అలాంటివాళ్ల నుంచి రక్తం బదులు వెంట్రుక కుదుళ్ల వంటివి తీసుకోవాలి. రూపం ఒకటైన కవలలను మామూలు పరీక్ష విడదీయలేదు. ఇంకా అరుదుగా, గర్భంలోనే రెండు పిండాలు కలిసిపోయి ఒకే మనిషిలో రెండు రకాల డీఎన్‌ఏ ఉండవచ్చు. 2002లో అమెరికాలో ఒక మహిళ కన్నబిడ్డలకు ఆమె తల్లి కాదని పరీక్ష చెప్పింది. ఆమె వేరే కణజాలాన్ని పరీక్షించాకే అసలు సంగతి బయటపడింది. ఇవన్నీ నిజమే గాని వీటిని పట్టుకుని ప్రతి నివేదికనూ కొట్టిపారేయడం వకీలు తెలివి అవుతుంది తప్ప న్యాయం కాదు. మజ్జ మార్పిడి జరిగిందో లేదో, కవల సోదరుడు ఉన్నాడో లేదో అడిగితే తెలిసిపోతుంది. రెండు డీఎన్‌ఏల మనుషులు ఎంత అరుదంటే, ఆ వాదన తెచ్చినవాళ్లే వేరే కణజాలంతో దాన్ని నిరూపించాలి.

అసలు కష్టం నమూనా దగ్గర మొదలవుతుంది. 2015లో అస్సాంలోని దరంగ్ జిల్లాలో ఆసుపత్రిలో బిడ్డలు తారుమారయ్యారని ఒక కుటుంబానికి అనుమానం వచ్చింది. ఆ తండ్రి భార్య వెంట్రుకలు, బిడ్డ లాలాజలం పట్టుకుని హైదరాబాద్ వచ్చి ల్యాబులో ఇచ్చాడు. తల్లీబిడ్డలకు సంబంధం లేదని ఫలితం వచ్చింది. అది నిజమే, కానీ ఆసుపత్రి ఒప్పుకోలేదు. ఆ వెంట్రుకలు ఎవరివో, లాలాజలం ఏ బిడ్డదో సాక్ష్యం ఎక్కడుందన్నారు. పోలీసులు తీసిన నమూనాలు కోల్‌కతా వెళ్తే దరఖాస్తులో అక్షరదోషం ఉందని అక్కడ పరీక్ష చేయలేదు. మళ్లీ తీసి గువాహటిలో చేయించాకే అధికారికంగా తేలింది. మొదటి ఫలితానికీ చివరి ఫలితానికీ శాస్త్రంలో తేడా లేదు. నమూనాకు సాక్షులున్నారా లేదా అన్నదే తేడా. దీనికి ఎదురుగా, ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా కూడా పనిచేసిన ఎన్.డి. తివారీ కేసు చూడాలి. తివారీయే తన కన్నతండ్రి అని తేల్చాలంటూ రోహిత్ శేఖర్ 2008లో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాడు. తివారీ ఏళ్ల తరబడి నిరాకరించినా, 2012 మే 29న డెహ్రాడూన్‌లోని ఆయన ఇంట్లోనే జిల్లా జడ్జి సమక్షంలో రక్తం తీశారు. సీల్ వేసి హైదరాబాద్ సీడీఎఫ్‌డీకి పంపారు. జూలై 27న కోర్టులోనే కవరు విప్పారు. తివారీయే తండ్రి అని తేలింది. ఆ ఫలితాన్ని ఎవరూ శాస్త్రపరంగా పడగొట్టలేకపోయారు, రెండేళ్లకు ఆయనే ఒప్పుకున్నారు. ఆ కాగితానికి బలం ఇచ్చింది యంత్రం ఒక్కటే కాదు, రక్తం తీసిన నాటి నుంచి కవరు విప్పిన నాటి దాకా ఎవరి చేతిలో ఉందో చెప్పగలగడం.

‘ల్యాబునే కొనేస్తే ఏం చేస్తారు’ అనే ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. ఒక ల్యాబు పొరబడవచ్చు, మోసం కూడా చేయవచ్చు. టొరంటోలోని ఒక ప్రైవేటు ల్యాబు గర్భిణుల రక్తంతో చేసిన పరీక్షల్లో తండ్రి కానివాళ్లను తండ్రులుగా చూపిందని కెనడా ప్రసార సంస్థ సీబీసీ 2024లో బయటపెట్టింది. మన దేశంలో ల్యాబులపై ఒక నియంత్రణ మండలి కోసం 2019లో లోక్‌సభలో పెట్టిన డీఎన్‌ఏ బిల్లును 2023లో వెనక్కు తీసుకున్నారు. ఇప్పుడు ల్యాబుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తింపు ఉందా లేదా అన్నది చూసుకునే బరువు పరీక్ష చేయించేవాళ్ల మీదే పడింది. అయినా ల్యాబు మీద అనుమానానికి మందు ఉంది. కొత్తగా నమూనాలు తీసి, మొదటి దానితో సంబంధం లేని రెండో ల్యాబులో చేయించడమే ఆ మందు. మహారాష్ట్ర నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక మనోవర్తి కేసులో అదే జరిగింది. నాగపూర్ ల్యాబు భర్త తండ్రి కాదంది. భార్య ఆ నివేదికను నమ్మలేదు. కోర్టు ఆమె మాట మన్నించి 2011లో హైదరాబాద్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబులో మళ్లీ చేయించింది. జవాబు మారలేదు. రెండు ఊళ్లలోని రెండు ల్యాబులు ఒకే మాట చెప్పాక అనుమానం అనుమానంగా మిగలదు, మొండితనం అవుతుంది.

ఫలితం నిజమని తేలాక కూడా మూడో ప్రశ్న మిగులుతుంది: దానితో ఏం చేయాలి? 1872 నాటి సాక్ష్యాధారాల చట్టం 112వ సెక్షన్, చెల్లుబాటయ్యే వివాహం ఉండగా పుట్టిన బిడ్డ ఆ దంపతులదేనని తీర్మానించింది. ఆ కాలంలో భార్యాభర్తలు కలుసుకునే అవకాశమే లేదని రుజువు చేస్తే తప్ప దాన్ని కాదనలేరు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 116వ సెక్షన్‌గా అదే మాట కొనసాగుతోంది. కడప జిల్లా నుంచి కువైట్‌కు వలస పోయిన కుటుంబాల్లో ఈ నియమానికి ప్రాణం ఉంది. భర్త ఎప్పుడు వెళ్లాడో, ఎప్పుడు వచ్చాడో పాస్‌పోర్టు ముద్రలే చెబుతాయి. బిడ్డ పుట్టడానికి ముందు పద్నాలుగు నెలలు దేశంలో లేనివాడికి తన వాదన నిరూపించుకోవడానికి ల్యాబుతో పనిలేదు. సెలవులో వచ్చి నెల రోజులు ఉండి పోయినవాడికి, లెక్క సరిపోతే, అనుమానం ఒక్కటే ఆధారం అవుతుంది. ఊరి మాట విని ఫోనులోనే భార్యను నిలదీయడానికి ముందు ఆ తేదీలు చూసుకోవాలి. కోర్టు కూడా చూసేది అదే. 1993 నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది ఒకటే: అడిగిన ప్రతివాడికీ పరీక్షకు ఆదేశం ఇవ్వకూడదు, కలుసుకునే అవకాశం లేదనడానికి బలమైన ఆధారం ముందు చూపాలి, బిడ్డ మీదా తల్లి మీదా పడే మచ్చను తూచాలి.

దీనికి గట్టి ఆక్షేపణ ఉంది. సత్యం తేల్చే సాధనం చేతిలో ఉండగా 1872 నాటి ఊహను పట్టుకుని వేలాడడం, తన బిడ్డ కాని బిడ్డకు ఒక మగవాడితో జీవితాంతం డబ్బు కట్టించడం ఏం న్యాయం? ఈ ప్రశ్నను కొట్టిపారేయలేం. సుప్రీంకోర్టే రెండు వైపులా మాట్లాడింది. దంపతులు కలిసి ఉన్నప్పుడు డీఎన్‌ఏ ఫలితం కూడా ఆ తీర్మానాన్ని చెరపడానికి చాలదని 2001లో అంది. పైన చెప్పిన మహారాష్ట్ర కేసులో 2014లో, చట్టపు ఊహకూ తేలిన సత్యానికీ పోటీ వస్తే సత్యమే గెలవాలని అంది. బిడ్డకు మనోవర్తి ఆపించింది, అప్పటిదాకా కట్టింది మాత్రం తిరిగి ఇవ్వనక్కర్లేదంది. 2023లో, విడాకుల కోసం భర్త సొంతంగా చేయించిన పరీక్షను ఆధారంగా చూపి కోర్టు పరీక్ష అడిగితే ఇవ్వలేదు. తల్లిదండ్రుల పోరులో బిడ్డ పావు కాకూడదంది. 2025లో కేరళ కేసులో, తల్లి భర్తతో కాపురం చేస్తున్న కాలంలో పుట్టిన యువకుడు మరొకరిని తండ్రిగా నిరూపించడానికి అడిగిన పరీక్షనూ తోసిపుచ్చింది. ఇవి ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు కనిపిస్తాయి. కలిపి చదివితే ఒక దారి తెలుస్తుంది: సరిగ్గా జరిగిన పరీక్ష ఫలితం రికార్డులోకి వచ్చాక దాన్ని చూడనట్టు నటించడం కష్టం, కాబట్టి పరీక్షకు ముందే గడప దగ్గర గట్టిగా కాపలా ఉండాలి. శాస్త్రం మీద అపనమ్మకంతో పెట్టిన కాపలా కాదిది. దాని మాట తప్పదన్న నమ్మకంతోనే పెట్టింది. మోసపోయిన మగవాడికి దారి మూసేయడం న్యాయం కాదు. ఆ దారి తెరవడానికి అనుమానం ఒక్కటే చాలదు, అంతే.

ఆ అనుమానం ఎంతవరకు నిజమవుతుందో కూడా లెక్కలున్నాయి. అనేక దేశాల పరీక్షల వివరాలు కూడగట్టి 2006లో ప్రచురించిన ఒక సమీక్షలో, బిడ్డ తమదేనన్న నమ్మకం ఉన్న మగవాళ్లలో తండ్రులు కానివాళ్లు రెండు శాతం లోపే. అనుమానించి పరీక్షకు వచ్చినవాళ్లలోనూ అలాంటివాళ్లు సుమారు 30 శాతం. ఈ రెండో అంకెను ‘ముగ్గురిలో ఒకరు మోసపోతున్నారు’ అని ప్రచారం చేస్తారు. అది అనుమానించినవాళ్ల లెక్క మాత్రమే. ఆ లెక్కనే తిప్పి చదివితే, అనుమానంతో రక్తం ఇచ్చిన పదిమందిలో ఏడుగురు ఆ బిడ్డకు కన్నతండ్రులే. బిడ్డలు తారుమారైన అస్సాంలోని ఆ రెండు కుటుంబాలు ఇంకో మాట కూడా చెప్పాయి. ఫలితం నూరుపాళ్లు సరైనదే అయినా, 2018లో కోర్టుకు వచ్చిన పిల్లలు పెంచినవాళ్లను వదలలేదు. ఎవరి దగ్గర పెరిగినవాళ్లు అక్కడే ఉండేందుకు పెద్దలు ఒప్పుకున్నారు. డీఎన్‌ఏ ఎవరు కన్నారో చెప్పింది, ఎవరి దగ్గర ఉండాలో చెప్పలేదు.

కాబట్టి పితృత్వ పరీక్షను నమ్మాలా వద్దా అన్నది సరైన ప్రశ్న కాదు. నివేదిక చేతికి వచ్చినవాళ్లు ఇవి అడగాలి: నమూనా సాక్షుల ఎదుట తీశారా, సీల్ ఎవరు వేశారు? తల్లి నమూనా తీసుకున్నారా? ఎన్ని చోట్లు చదివారు, ఎన్ని కలవలేదు? దగ్గరి బంధువు మీద అనుమానం ఉంటే, మేనరికం ఉంటే ఆ సంగతి ల్యాబుకు చెప్పారా? ల్యాబుకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందా? ఒక్కదానికి జవాబు లేకపోయినా కొత్త నమూనాలతో రెండో పరీక్ష అడగడం మీ హక్కు, అడగండి. అన్నింటికీ సరైన జవాబు ఉంటే ఫలితాన్ని ఒప్పుకోండి, ల్యాబును తిట్టడం మానండి. పళ్ల బ్రష్షు, దువ్వెన వెంట్రుకలు గుట్టుగా కవర్లో పెట్టి పంపేవాళ్లకు చెప్పేది ఒకటే: ఆ ఫలితం కోర్టులో నిలవదు, ఇంట్లో మాత్రం మాయదు.